కరెంటు అక్కర్లేని పాటలు

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, చెల్లి నిన్ను సాయంత్రాలు బయట నడిపిస్తోందనీ తెలిసి స్థిమితపడ్డాను.

"ఈ వయసులో ఇంకా ఆ డ్రమ్ములు బాదుతున్నావా?" అని అడిగావు. ప్రస్తుతానికి లేదు. మా బ్యాండు పాత పాటలన్నీ కరెంటు అక్కర్లేని వాయిద్యాలతో, మెత్తగా, మళ్ళీ రికార్డు చేస్తున్నాం. పెద్ద స్పీకర్లు పక్క గదిలోకి పోయాయి. నా డ్రమ్ములకు దుప్పటి కప్పేశారు. నాకొక చెక్కపెట్టె ఇచ్చారు. దాని మీదే కూర్చుని, దాన్నే అరచేతులతో వాయించాలి.

"ఇన్నాళ్ళకు నిన్ను కుదురుగా కూర్చోబెట్టాం," అన్నాడు మా పాటగాడు. వాడి జుట్టు సంగతి కూడా అడిగావు. పూర్తిగా నెరిసింది. పొడుగు మాత్రం తగ్గలేదు.

మొదటి రోజు ఒక నెమ్మది పాట ఎత్తుకున్నాం. గిటారు ఒక్కటే మొదలవ్వాలి, రెండో చరణంలో నేను అందుకోవాలి. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. బ్యాండులో మిగతా ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"ఏమైంది, అందుకోలేదేం?"

"మీరు మొదలుపెడితే కదా!"

"రెండో చరణం కూడా అయిపోయింది," అన్నాడు గిటారిస్టు.

పరధ్యానం అన్నాను. ఆ పూటంతా వాడి వేళ్ళు చూస్తూ నెట్టుకొచ్చాను.

అమ్మా, నాకు చెవులు సరిగా వినపడడం లేదు. కొంతకాలంగా ఇంతే. పెద్ద మోతలో బయటపడలేదు. నేల అదిరేది, ఆ అదురు పట్టుకుని వాయించేదాన్ని. ఇప్పుడు నేల అదరదు.

మర్నాడు గిటారు లేకుండా పాటగాడు ఒక్కడే గొంతెత్తే పాట వచ్చింది. చూసి వాయించడానికి వేళ్ళు లేవు. చెప్పేశాను.

"ముప్పై ఏళ్ళు నీ ముందు నిలబడి అరిచింది నేనేగా," అన్నాడు పాటగాడు.

"నా డ్రమ్ములేమైనా జోలపాడాయా?" అన్నాను.

బేస్ గిటారు వాయించే అతన్ని మేం మౌనస్వామి అంటాం. అతను లేచి, పాటగాడి కుర్చీ ఈడ్చుకొచ్చి నాకెదురుగా వేశాడు. "కళ్ళు తెరుచుకుని పాడు," అన్నాడు వాడితో. అంతే, వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

వాడి పెదవులు చూస్తూ వాయించాను. ఇన్నేళ్ళు వాయించినా ఆ పాటలో మాటలు నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక కూడా ఒకడు స్టాపులోనే కూర్చుని ఉంటాడట. బాగుంది.

అయ్యాక, "ఎలా వచ్చింది?" అన్నాడు వాడు.

"నన్నడుగుతావేం? నీ మొహం చూస్తే బాగానే వచ్చినట్టుంది," అన్నాను. ఆ రికార్డింగునే ఉంచేశారు.

డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడు, పెట్టుకుంటాను. నీ చెవులు పోయినప్పుడు నువ్వు పెద్దగా దిగులుపడలేదు. నా చెవుల గురించి దిగులుపడతావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ మోత అప్పుడే మానేసి ఉంటే బాగుండేదని మాత్రం అనకు. మానేదాన్ని కాదు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. చెల్లిని ఇంట్లోనే ఉండమను. నేను తలుపు కొడితే నీకు వినపడదు, నువ్వు "ఎవరూ?" అంటే నాకు వినపడదు.

ఇట్లు,
ఏనాడూ నీ మాట వినని
నీ పెద్దమ్మాయి