చుక్క కారని మూత ఎవరిదంటే

వయసు యాభై, నూనె సీసాకు చుక్క కారని మూత కనిపెట్టి, దాన్ని తయారుచేసే కంపెనీ పెట్టి, ఆ కంపెనీ నుంచే సాగనంపబడిన నేను, దేవుడి దయవల్ల బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నాకు మతి సరిగా లేదని కంపెనీ బోర్డు తీర్మానించింది కనుక, సరిగానే ఉందని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేశాను. బోర్డు సభ్యుల్లో ఎవరి దగ్గరా అలాంటిది లేదు. దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా మా వారికి. ఆయనా బోర్డు సభ్యులే. నన్ను తీసేసే ఓటింగులో ఆయన చెయ్యీ పైకి లేచింది. తల గోక్కోవడానికి ఎత్తానంటారు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన తల గోక్కోగా నేను చూడలేదు. అయినా ఇల్లు ఆయనకే. నా ప్రార్థన గది కిటికీ గడియ వదులు. వాన వస్తే సందులో గుడ్డ కుక్కాలి. ఆ సంగతి ఆయనకు తెలియదు.

2. మా తోటికోడలికి నా కుట్టుమిషను. అందరూ ముఖం చాటేసిన వారంలో ఆమె ఒక్కతే వెనక గుమ్మంలోంచి వచ్చింది. "అక్కా, మీ మరిదికి మాత్రం తెలియనివ్వకండి" అని నా పక్కన కూర్చుని ఏడ్చి వెళ్లింది. నేను బతికున్నంతకాలం తెలియనివ్వలేదు. మాట తప్పినట్టు కాదనుకుంటాను.

3. ఇప్పుడు కంపెనీని ఏలుతున్న మా మరిదికి: నా కుర్చీ ఎటూ లాక్కున్నాడు కనుక, దాని మీద పరిచిన మెత్త కూడా. పొద్దున యంత్రం వేసే ముందు మేమంతా కళ్లు మూసుకునే ఒక్క నిమిషాన్ని దండగని రద్దుచేశాడు. అలా మిగిల్చిన నిమిషాలన్నీ అతనికే రాసిస్తున్నాను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

4. ఇక పేటెంట్ల సంగతి. మొత్తం మూడు. మూత కీలుదీ, బిగింపు మరదీ కంపెనీ పేరున ఉన్నాయి, ఉండనివ్వండి. చివరి చుక్కను వెనక్కి లాగే లోపలి అంచు పేటెంటు మాత్రం కంపెనీ పుట్టకముందే నా పేరున తీసుకున్నది. అది లేకపోతే మిగతా రెండూ గుర్రం లేని కళ్లేలు. అదీ కంపెనీదేనని మరిది ఊరంతా చెప్పుకుంటున్నాడు. కానీ నన్ను పంపేసేటప్పుడు, గుమ్మం మీది పలక నుంచి నా పేరు చెరిపేయాలన్న ఆత్రంలో, ఒప్పందంలో తనే రాయించాడు: "ఆమె పేరున ఉన్న దేనితోనూ ఈ కంపెనీకి సంబంధం గానీ, హక్కు గానీ లేదు." ప్లీడరు గారు "ఒక్కసారి చదువుకోండి బాబూ" అంటే, "ముందు ఆవిడ పేరు పోనివ్వండి సార్, చాలు" అన్నాడు. పేరు పోయింది, దాని చెయ్యి పట్టుకుని పేటెంటూ పోయింది. అన్న ఉత్త చేత్తో తల గోక్కుంటే, తమ్ముడు కొరివితో గోక్కున్నాడు.

ఇన్నాళ్లూ నేను నోరు మెదపనిది అతని మీద జాలితో కాదు. ఆ అంచు వాడుకునే అనుమతి ఆపితే యంత్రాలు ఆగుతాయి. అతని కారు ఆగేలోపు మూతలు బిగించే ఆడవాళ్ల పొయ్యిలు ఆగుతాయి.

5. అందుచేత ఆ పేటెంటును, దాని గడువు తీరేదాకా, నేను పోయేనాటికి మూతల విభాగంలో పనిచేస్తున్న ఆడవాళ్లందరికీ ఉమ్మడిగా రాసిస్తున్నాను. ఉద్యోగంలోంచి తీసేసినా హక్కు పోదు. అమ్మడానికి వీల్లేదు. కంపెనీ వాడుకోవాలంటే ఏటేటా అందరి సంతకాలూ కావాలి. మనుషులను పంపితే చెల్లదు. మరిదే స్వయంగా వచ్చి అడగాలి.

అమ్మలూ, మీకు ఒక్క మనవి. అతను రాగానే కసురుకోకండి. కూర్చోమనండి, మంచినీళ్లివ్వండి. మీలో ఎవరినైనా పనిలోంచి తీసేసి ఉంటే, ముందు ఆమె ఇంటికి వెళ్లి రమ్మనండి. ఆమె ఊఁ అనేదాకా ఒక్కరూ కలం పట్టకండి.

2025 మార్చి 11, మంగళవారం.

(సంతకం)
ఫ్యాక్టరీలో అందరూ పిలిచే మూతలమ్మ

సాక్షులు:
1. సర్టిఫికెట్టు ఇచ్చిన డాక్టరు గారు
2. మా వీధి చివరి కళ్లజోళ్ల దుకాణదారు