ఇంగ్లీషులో మీ పేరు

కడప, 1937

గౌరి నాయన గారికి నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను, చదువు మానేసి వస్తానేమోనని దిగులు పడకండి. అయితే నిన్న ట్రైనింగు స్కూల్లో నాకొక చిక్కు వచ్చి పడింది. ‘నీ భర్త పేరేమి?’ అన్న ప్రశ్నకు ఇంగ్లీషులో పూర్తి వాక్యం రాయమన్నారు. ‘మా ఆయన పేరు పుష్పగిరి స్వామి పేరే’ అని ఒక్క తప్పు లేకుండా రాశాను. మా టీచరు ఎస్తేరమ్మ గారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు.

“వాక్యం బాగానే ఉండాది, జవాబు యాడుండాదమ్మే? పరీక్ష చేసేదానికి వచ్చే దొరసానికి పుష్పగిరి సామి ఎవురో ఏం తెలుసు?” అన్నారు. అందరూ నవ్వారు.

సోమవారం ఆ దొరసాని ముందు నిలబడి మీ పేరు నోటితో చెప్పాలి. చెప్పకపోతే పరీక్ష పోతుంది. చెబితే మీ ఆయుష్షుకు కీడని అత్తమ్మ అంటారు కదా. ఇంగ్లీషులో పలికితే ఆ దోషం అంటదని ఎస్తేరమ్మ గారు అంటున్నారు. నిజమేనా? నాకేమీ పాలుపోవడం లేదు. అత్తమ్మను అడిగి వెంటనే జవాబు రాయండి.

గౌరికి దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే సీకాయపొడి పంపండి. అత్తమ్మ పాదాలకు దండాలు, గౌరికి ముద్దులు.

ఈ కార్డు మీద చిరునామాలో మీ పేరు ఎస్తేరమ్మ గారి చేత రాయించాను. సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పెదవులు కదిలాయేమో, నాకే తెలియడం లేదు. మీ ఒంట్లో ఎలా ఉందో ముందు ఆ ముక్క రాయండి.

ఓబుళమ్మ