విప్పని కుట్టు

రచయిత గారికి నమస్కారమండీ.

పాత రచయితగారు పోయాక డిటెక్టివ్ గరుడాచలం పుస్తకాలు మీరు రాస్తున్నారని తెలిసి, మా మనవరాలు హఫ్సా చేత కొత్తది తెప్పించుకున్నాను. కోపం తెచ్చుకోకండి గానీ, అతను మా గరుడాచలం కాదండీ. మా గరుడాచలం తుపాకీ ముట్టడు. వక్కపొడి నములుతూ, "తొందరేముందండీ" అంటూనే హంతకుణ్ణి పట్టేసేవాడు. మీవాడు కారు దిగడు, ఇంగ్లీషు ఆపడు.

మావారికి భవానీపురంలో టైలరు షాపు ఉండేది. నాకేమో ఆఖరి పేజీలు ముందే చదివేసే పాడు అలవాటు. అందుకని ఆయన కొత్త పుస్తకం కొనగానే చివరి అధ్యాయాన్ని దారంతో కుట్టేసి మరీ ఇచ్చేవారు. మిగతాదంతా చదివి హంతకుడెవరో నేను చెప్పాక, "గెలిచావో లేదో చూద్దాం ఉండు" అంటూ కత్తెర తీసేవారు.

పాత రచయితగారి ఆఖరి పుస్తకం కూడా అలాగే కుట్టిచ్చారు. నేను సగంలో ఉండగానే మావారు పోయారు. తర్వాత ఎప్పటికో మిగతాది చదివాను గానీ, ఆ కుట్టు విప్పడానికి చేతులు రాలేదు.

మీరేమో కొత్త పుస్తకం మొదట్లోనే, ఆ ఆఖరి పుస్తకంలోని కేసులో హంతకుడు కాంపౌండరని మాటవరసకి రాసేశారు. లోకమంతటికీ తెలిసిన సంగతే, మీ తప్పేమీ లేదు. నేను అనుకున్నది మాత్రం వకీలుగారి బావమరిదిని.

కుట్టు ఇంకా విప్పలేదండీ. గరుడాచలం గురించి ఇన్ని తప్పులు రాశారు కదా, ఇదీ తప్పే అయి ఉంటుందని నా ఆశ.

భవానీపురం నుంచి,
పీరు టైలరు గారి భార్య