చిటికెన వేలి రాజీనామా

అమ్మకి,

నీ రెండో కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. అలవాటుకొద్దీ రాసిన మాట కాదిది, ఆలోచించుకునే రాశాను. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలి నొప్పి కాస్త తగ్గుముఖం పట్టిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం ముందు పెట్టుకునే జవాబు రాస్తున్నాను. గది వెచ్చగానే ఉంది, కిటికీ సందులో గుడ్డ కుక్కాను. విమానంలో చెల్లోకి ఇంకా వేరే సీటు కొంటున్నావా అని అడిగావు. కొనక తప్పదు. మనిషంత తీగల వాయిద్యాన్ని సామాన్లతో పాటు పడేస్తే చెక్కముక్కలే మిగులుతాయి. మొన్న దాన్ని పక్కన కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే అటువైపు పెద్దావిడ "మీవారు ఏమీ మాట్లాడరేం?" అంది. "ముట్టుకుంటేనే పలుకుతారండీ" అన్నాను. దిగేదాకా నవ్వుతూనే ఉంది.

ఇక అక్షరాలు ఎందుకు వంకరపోతున్నాయని అడిగావు. నీ కళ్ళు కప్పడం ఎవరి తరం! ఎనిమిది నెలల క్రితం, నాకు జలుబు చేసిందని రాశానే, అది అబద్ధం. స్టేషన్లో తడిమెట్ల మీద జారాను. చెల్లో నేలకి తగలకూడదని ఎడమ మోచేయి అడ్డం పెట్టాను. చెల్లోకి గీత కూడా పడలేదు. మోచేతి నరం మాత్రం నలిగింది. ఆపరేషను చేశారు. చిటికెన వేలికి స్పర్శ తిరిగి రాలేదు, ఇక రాదన్నారు.

డాక్టరు "టీచరుగా స్థిరపడండి" అన్నాడు. నేను ఇంటికొచ్చి, వాయించాల్సిన కచేరీల స్వరాల కాగితాలన్నీ మంచం మీద పరిచి, చిటికెన వేలు పడే ప్రతి చోటా పెన్సిలుతో కొట్టేశాను. ఆ పని ఉంగరపు వేలికి అప్పజెప్పాను. ఒక్క వేలు తగ్గితే చెయ్యి తీగ మీద రెట్టింపు పరుగెత్తాలి. నాలుగు నెలలు అదే సాధన.

పోయిన వారం పెద్ద కచేరీ. ఆర్కెస్ట్రా నడిపే ఆయనకి నేను పెట్టుకున్న పేరు బెత్తం మాస్టారు. పొద్దున రిహార్సల్లో నా చెయ్యి చూసి అందర్నీ ఆపేశాడు.

"మీ చిటికెన వేలు సెలవులో ఉందా?"

"సెలవు కాదండీ. రాజీనామా."

ఆయన బెత్తం కింద పెట్టాడు. నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి మెల్లగా అన్నాడు: "ఒంట్లో బాలేదని ప్రకటిద్దాం. సాయంత్రానికి ఇంకొకర్ని పిలిపిస్తా. మీ పరువు దక్కుతుంది."

"నా పరువు ఆ వేల్లో లేదు. కష్టమైన చోటు ఏదో మీరే చెప్పండి, ఇక్కడే వాయిస్తా."

ఆయన మూడో భాగంలో వేగంగా దిగే చోటు అడిగాడు. అక్కడున్న స్టూలు మీద కూర్చుని వాయించాను. విని, "అక్కడ కొంచెం నెమ్మదించమంటారా?" అన్నాడు.

"అక్కర్లేదు."

సాయంత్రం ఆయన నెమ్మదించలేదు, నేనూ వెనకబడలేదు. సరిగ్గా అక్కడే ఒక స్వరం జారింది. హాలంతా విన్నది. నేను ఆగలేదు. అయ్యాక జనం లేచి నిలబడ్డారు. మర్నాడు పేపరువాడు ఆ జారిన స్వరం గురించే రాశాడు. రాసుకోనీ.

నా కచేరీలు కుదిర్చే మేనేజరమ్మతో అన్నిచోట్లకీ ఉన్నదున్నట్టు కబురు పంపించాను. "చెప్తే మానుకుంటారే" అని తల పట్టుకుంది. ఐదింట్లో మూడు మానుకున్నాయి. రెండు రమ్మన్నాయి. ఆ రెండుచోట్లా వాయిస్తాను.

ఇన్నాళ్ళూ నీకెందుకు చెప్పలేదో చెప్తాను. బళ్ళో నా ఎడమచేతి రాత మాన్పించబోతే టీచరమ్మతో పోట్లాడి గెలిచిన దానివి నువ్వు. అలాంటి నీ నోట "ఇక చాల్లేవే తల్లీ, వచ్చేయ్" అనే మాట వస్తుందేమోనని హడలిపోయాను. డాక్టరు మాట తట్టుకున్నాను. అది తట్టుకోలేను.

మనూరి సంగీతం స్కూల్లో నాకోసం ఎప్పటినుంచో ఆపి ఉంచిన ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమని నాన్నని చెప్పమను. వచ్చే నెల కచేరీకి మీ ఇద్దరికీ టికెట్లు ఇందులోనే పెట్టాను. ముందు వరస, నా ఎడమచెయ్యి తిన్నగా కనిపించే చోటు. జాలిపడటానికైతే రావద్దు. వినడానికి రండి.

ఇట్లు,
మాట వినని నీ చిన్నకూతురు