జోడీ మొక్కు

రాయదుర్గం
16-11-2003

ప్రియమైన మేరాజక్కకు,

నీ చెల్లెలు పుష్పావతి రాసుకునేది. మేమంతా బాగున్నామని మొదలుపెడదామని కూర్చున్నాను గానీ చెయ్యి ఆడలేదు. గడ్డ నంబరు ఎక్కిందక్కా. పోయిన తడవ రక్తపరీక్షలో పంతొమ్మిది. ఈ తడవ నలభై ఎనిమిది. ముప్పై అయిదు లోపల ఉండాలి కదా.

డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళద్దాలు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "ఒక్క నంబరు చూసి గడ్డ తిరగబెట్టిందని చెప్పలేం. నెల తర్వాత మళ్ళీ రక్తం ఇవ్వండి. అప్పుడూ ఎక్కితే స్కాన్ తీద్దాం" అనింది. ఆ నెల రోజులు నేను ఎట్ల బతికేదక్కా? బెంగళూరు నుంచి ఇల్లు చేరేదాకా మా ఆయన తిప్పేష్ బస్సులో ఆ కాగితాన్నే విప్పి, మడిచి చూసుకున్నాడు. ఇంటికి వచ్చినాక, "ముప్పై అయిదు దాటితే పాసే కదే" అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడు పాపం. అనేసి తనే పెరట్లోకి పోయి చానాసేపు మొహం కడుక్కున్నాడు.

మరుసటి పొద్దే యూనిట్‌కు పోయినాను. జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టేదే కదా, మిషను మీద కాలు దానంతటది ఆడుతుంది. మనసు మాత్రం ఆ అంకె దగ్గరే కూర్చుంది.

మనిద్దరికీ ఒకే రోజు ఆపరేషన్, కడుపులో ఒకటే క్యాన్సరు గడ్డ, ఒకటే మందు. వార్డులో మనల్ని జోడెద్దులు అనేవాళ్ళు. రెండేళ్ళు ఇద్దరమూ చల్లగా ఉంటే పీర్ల పండగకు జతగా వచ్చి చక్కెర పంచుతామని, చేతులు పట్టుకొని గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటిమి. వచ్చే పండగకు గడువు నిండుతుంది. అందుకే అడుగుతున్నా, నీ నంబరు ఎంత వచ్చింది? అది రాయి ముందు. ఎస్‌టీడీ బూత్‌కు ఫోను చెయ్యొద్దు. ఆడ నేను ఏడిస్తే వీధంతా తెలిసిపోతుంది.

పోస్టాయన సైకిలు బెల్లుకు చెవులు పెట్టుకొని ఉండే
పుష్ప


కదిరి
24-11-2003

చెల్లీ పుష్పా,

నీ అక్క మేరాజ్ బీ దువాలు. నీ జాబు చదువుతూ పొయ్యి మీద అన్నం మాడబెట్టినాను. మీ బావ నబీ సాబ్ ఆ మాడిన అన్నమే నోరెత్తకుండా తిన్నాడు. నా మొహం ఎట్లుండిందో నువ్వే అనుకో.

నంబరు అడిగితివి. రాయాలంటే సిగ్గుగా ఉంది. తొమ్మిది. నీ విస్తట్లో కూడు నేను లాక్కొని తిన్నట్టుంది పుష్పా. నమాజు చేసి కూర్చొని, "ఇదేం పంపకం మాలిక్" అని అడిగినాను.

నెల ఆగమని డాక్టరమ్మ అనింది కదా, ఆగు. ఈలోపల పసరు మందు ఇస్తామని, తాయెత్తు కడతామని ఎవరో ఒకరు వస్తారు. తాయెత్తు కట్టించుకో, పోయేదేమీ లేదు. పసరు మాత్రం నోట్లో వేసుకోవద్దు. భయమైతే భయమని తిప్పేష్‌తో అను. మగవాళ్ళకు చెప్పందే ఏదీ తెలియదు. మా ఆయనకు చెప్పినా తెలియదు, అది వేరే కథ.

ఇక్కడ ఈ ఏడు కూడా పోయింది. వేరుశనగ చెట్టు పీకితే మట్టి వస్తాంది గానీ కాయ లేదు. పంటే లేకుంటే సంచులు ఎవరికి కావాల? మీ బావ గోనెసంచుల అంగట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

నెల తర్వాత ఎంత వచ్చినా సరే, నాకు రాయి. మంచి నంబరు అయితేనే రాస్తానని బెట్టు చేస్తే నీ జడ పట్టుకొని ఈడుస్తా. ఇంజెక్షన్లకు రాలిన జుట్టు మళ్ళీ మొలిచింది కదా, అందుతుందిలే.

నీ గురించే దువా చేసే
మేరాజక్క


రాయదుర్గం
18-01-2004

ప్రియమైన అక్కకు,

పుష్ప నమస్కారాలు. జాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. బళ్ళారి నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. యూనిట్లో తల ఎత్తేదానికి లేదు. పక్కింటి మారెక్కోళ్ళు ఈడ మేత లేక గొర్రెల మందను తోలుకొని తుంగభద్ర పక్కకు పోయినారు. వీధి బోసిపోయింది. పొద్దున్నే ఆ గొర్రెల అరుపులకు తిట్టుకుంటూ లేచేదాన్ని, ఇప్పుడు అవి లేకపోతే తెల్లారినట్టే లేదు.

నా ఒళ్ళు బాగానే ఉంది. కడుపు కొంచెం బరువుగా ఉంటుంది, గ్యాసు అనుకుంటా. నీ తొమ్మిది చూసినాక నాకు ధైర్యం వచ్చిందక్కా. ఒకటే మొక్కు మొక్కినవాళ్ళం. నీది చల్లగా ఉంటే నాదీ ఉంటుంది. స్కానూ గీనూ అన్నీ పండగ అయినాక చూసుకోవచ్చు. ఎంత, ఇంకో నెలన్నర.

నువ్వు మాత్రం ఎండలో తిరగొద్దు, జ్వరం తెచ్చుకోవద్దు. బెంగళూరు పోయి నీ పరీక్ష చేయించుకొని నంబరు రాయి. నీకేమీ కాగూడదక్కా. పండగ దాకా అస్సలు ఏమీ కాగూడదు.

నీ మేలు కోరే
పుష్ప


కదిరి
01-02-2004

పుష్పావతీ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. కోపం దిగితే చివర్లో రాస్తా.

పోయిన మంగళవారం పరీక్షకు బెంగళూరు పోయినాను. రక్తం తీసే నర్సమ్మకు మనిద్దరం జతగానే గుర్తు. "మీ జోడీ యాడమ్మా? డిసెంబరులో వచ్చి రక్తం ఇచ్చె. నూటపది వచ్చె. డాక్టరమ్మ స్కాన్ రాసిస్తే తీయించుకోకుండానే పోయింది" అనింది. నూటపది! ఆ అంకెను కడుపులో పెట్టుకొని నాకు మారెక్క గొర్రెల కథ రాస్తావా? గ్యాసు అంట, గ్యాసు!

నా నంబరు ఎనిమిది. అది నా కడుపులోది పుష్పా. నీ కడుపులో ఏముందో అది ఎట్ల చెప్తుంది? పక్క చేన్లో బోరు పడిందని మన చేన్లోకి నీళ్ళొస్తాయా? కరువు సీమలో పుట్టి ఇది కూడా తెలియదా నీకు?

భయమా? భయమైతే నేను రాయదుర్గం వస్తాను, ఇద్దరం కలిసి పోదాం. ఇంజెక్షన్లు మళ్ళీ తట్టుకోలేనని అనిపిస్తోందా? అదైనా రాయి, నేను అర్థం చేసుకోలేనిదా? తిప్పేష్ ఏమన్నా అన్నాడా? ఏదో ఒకటి రాయి. గమ్మునుండొద్దు. నువ్వు గమ్మునుంటే నాకు ఊపిరాడదు.

ప్రియమైన చెల్లెలికి (కోపం దిగలేదు, అయినా రాస్తున్నా)
మేరాజ్ బీ


రాయదుర్గం
10-02-2004

ప్రియమైన అక్కకు,

నీ తిట్లు అందినాయి. ఎనిమిది అని చదివి ఆ జాబును కళ్ళకద్దుకున్నాను.

భయం కాదక్కా. చెప్తాను, నవ్వొద్దు. మనం మొక్కుకున్న పొద్దే, మొక్కు అయినాక నువ్వు మందు మత్తుకు నిద్రపోయినావు. బయమ్మవ్వ గుర్తుందా, గొంతు ఆపరేషన్ అయిన ముసలామె? ఆయమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "జోడీ మొక్కు మొక్కితిరే పాపా, బద్రంగా ఉండండి. గడువు నిండకముందు ఒకరు పడితే రెండోవాళ్ళను లాగుతాది. కాడి కింద ఒక ఎద్దు కూలితే ఇంకొకటి నిలబడతాదా?" అనింది. నీకు చెప్తే దిగులు పడతావని చెప్పలేదు. రెండేళ్ళుగా నాలోనే పెట్టుకున్నాను.

స్కాన్ తీసి, తిరగబెట్టిందని డాక్టరమ్మ నోటితో అనిందనుకో, నేను పడినట్టే. అననంత వరకు పడలేదు. పండగ దాకా ఎట్లనో నిలబడితే మొక్కు తీరిపోతుంది, నువ్వు బయట పడతావు. తర్వాత నన్ను ఏమైనా చేసుకోనీ. నీ ఎనిమిది నా వల్ల ఎనభై అయితే నేను బతికి ఏం లాభం?

డిసెంబరులో ఒక్కదాన్నే పోయి వచ్చి, తిప్పేష్‌కు నంబరు ముప్పై అని చెప్పినాను. పాపం, చుట్టుపక్కల అందరికీ చక్కెర నీళ్ళు కలిపి ఇచ్చినాడు. పావడా నాడా మాత్రం మళ్ళీ మళ్ళీ వదులు చేయాల్సి వస్తాంది. ఇంకెన్ని రోజులు, పీర్లను నిలబెట్టే పొద్దు దగ్గరికి వచ్చింది. అంతవరకు నన్ను కదిలించొద్దక్కా, నీకు దండం పెడతాను.

నీ జోడీ
పుష్ప


కదిరి
24-02-2004

నా పిచ్చి చెల్లెలా,

నవ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చినాను. నా కోసం ఇట్ల ఎవరూ చేయలేదు పుష్పా, కన్నతల్లి కూడా. ఇంకెవరూ చేయకూడదు కూడా. నీ ప్రాణం తీసి నాకు కాపలా పెడతావా? అడిగినానా నేను?

నిన్న మీ బావను లేపుకొని గూగూడు పోయినాను. అంగడి ఎవరు చూస్తారని గొణిగినాడు. ఈగలే చూసుకుంటాయి, రా అన్నాను. పదో రోజు దాకా ఆగలేదు. పీర్లను నిలబెట్టినారు, నాకు అది చాలు. పీర్లను చూసుకునే ముజావర్ ముసలాయన దగ్గర కూర్చొని అంతా చెప్పినాను. మన ఆపరేషన్లు, నీ నూటపది, బయమ్మవ్వ మాట, కాడీ, ఎద్దూ అన్నీ. ఆయన నెమలీకల కట్టను నా తల మీద పెట్టి, "అమ్మా, మా తాతల కాలం నుంచి ఈ స్వామిని కొలుస్తాండాం. ఆయన మొక్కు అడుగుతాడు గానీ పూచీకత్తు అడగడు. ఒకరి ఒంటికి ఇంకొకరిని జామీను పెట్టుకునేదానికి ఆయనేమన్నా కోర్టా?" అన్నాడు.

నా చక్కెర పంచినాను. నీ చక్కెర కూడా నీ పేరు చెప్పి నేనే పంచినాను. "స్వామీ, జత విడదీస్తున్నా. పుష్పకు ఏమైనా అది పుష్పదే, నాకేమైనా నాదే" అని గట్టిగా అన్నాను, అందరూ తిరిగి చూసినారు. అట్ల అనడానికి నాకు ఇష్టం లేదు. అయినా అన్నాను.

ఇంక నీకు నిలబడే పని లేదు. తిప్పేష్‌కు వేరే జాబు వేసినాను, నూటపది అని అంకె వేసి. నా మీద కోపం వస్తే రానీ. తిట్టుకుంటూనే బస్సెక్కు.

నిన్ను వదిలిపెట్టని
మేరాజక్క


బెంగళూరు
19-03-2004

ప్రియమైన అక్కకు,

ఆసుపత్రి నుంచి పుష్ప. చేతికి సూది ఉంది, అక్షరాలు వంకరగా వస్తే సర్దుకో.

నీ రెండు జాబులూ ఒకే పొద్దు వచ్చినాయి. తిప్పేష్ తన జాబు చదివినాడు. సంచిలో నా చీరలు పెట్టడం మొదలుపెట్టినాడు. ఒక్కొక్కటీ మడత పెడుతూ, "ముప్పై అంటివే, ముప్పై అంటివే" అని అదే మాట. కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

స్కాన్ తీసినారు. తిరగబెట్టింది. రెండు చోట్ల ఉంది, కడుపులో నీళ్ళు చేరినాయి. నీళ్ళు తీసేసినారు, ఊపిరి బాగా ఆడుతోంది. ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టినారు. "పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనమ్మా. అణచి పెట్టడానికి చూద్దాం. ఎంత కాలమని మాత్రం అడగొద్దు" అనింది డాక్టరమ్మ. మూడు నెలల ముందే స్కాన్ తీయించుకొని ఉంటే ఏమయ్యేదని తిప్పేష్ అడిగినాడు. "అప్పుడైనా ఇదే మందు. నీళ్ళు చేరకముందు పడేది, అంతే" అనింది. నిజమో, మా మొహాలు చూసి అనిందో తెలియదు.

జత విడదీసినావని చదివి నీ మీద చానా కోపం వచ్చిందక్కా. ఈ రోగం కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. నన్ను అడగకుండా ఎట్ల తెంచినావు? రెండు రోజులు నీ పేరు ఎత్తలేదు. స్కాన్ గదిలో పండుకోబెట్టి కదలొద్దు అన్నప్పుడు మాత్రం నాకొకటి తెలిసింది. ఈ సారి నా గురించే భయపడినాను. నా ఒక్కదాని గురించే. ఎన్నాళ్ళయిందో అట్ల భయపడి. ఏడ్చినాను కూడా, సిగ్గు లేకుండా, ఆ పిల్ల టెక్నీషియన్ ముందరే.

ఏప్రిల్‌లో నీ పరీక్ష ఉంది కదా. నీ నంబరు తొమ్మిదే రానీ, ఎనిమిదే రానీ, సిగ్గు పడకుండా నాకు గట్టిగా చదివి చెప్పు. నేను అప్పటికీ ఇంజెక్షన్లకు ఈడే ఉంటాను, ఆ పొద్దు నన్ను చూడడానికి రా. పేషంట్లు పోయే దారిలో రావద్దు. సాయంత్రం చూసేవాళ్ళను వదిలే టైములో, గేటు దగ్గర చీటీ రాయించుకొని రా. వచ్చి, అలవాటు కొద్దీ నా మంచం మీద ఎక్కి కూర్చుంటావేమో, కూర్చోవద్దు. చూసేవాళ్ళకు ఇనుప స్టూలు వేసి పెట్టినారు. నువ్వు దాని మీద కూర్చో అక్కా.

నీ చెల్లెలు
పుష్పావతి