బాగుంది అనని కస్టమర్

ఫిబ్రవరి 3, సోమవారం

మా మనవరాలు ఎవాంజెలిన్ యూనివర్సిటీలో ఎంబీఏ పిల్లలకు ఎజైల్ అనే పాఠం చెబుతోంది. పనంతా ముగించి చూపించడం కాదట. రెండు వారాలకోసారి కాస్త చేసి, కస్టమర్‌కు చూపించి, మాటలు పడి, మళ్లీ చేయాలట. మేం దీన్ని కాపురం అనేవాళ్లం.

చిక్కల్లా కస్టమర్లతోనే. పిల్లల టీములు ఏం చూపించినా, కస్టమర్లుగా వచ్చే మనవాళ్లు మొహమాటానికి బాగుందని పంపేస్తున్నారు. దిద్దుకోవడానికి ఏమీ మిగలడం లేదు. మార్చిలో డిపార్ట్‌మెంట్ హెడ్ దయాకర్ గారు వచ్చి చూస్తారట. నచ్చకపోతే కోర్సు ఎత్తేసి మళ్లీ రాత పరీక్షే. అందుకని ఒక టీముకు నన్ను కస్టమర్‌గా పెట్టింది. తార్నాకలో నా నోటికున్న పేరు చివరికి చదువుకు పనికొచ్చింది.

ఫిబ్రవరి 17

నా టీములో భూపాల్, వనజ, ఇంకో ఇద్దరు. క్యాంపస్‌లో పొద్దున నడిచేవాళ్లు చదివి తిరిగిచ్చేలా పుస్తకాల బండి పెట్టారు. అన్నీ గ్రూప్స్ గైడ్లే. డెబ్బై దాటినవాళ్లం ఏ పోస్టుకు అప్లై చేయాలని అడిగాను. బండి రంగు గురించి కూడా ఒక మాట అన్నాను. అనవసరమే, వచ్చేసింది. భూపాల్ ముఖం మాడిపోయింది.

మార్చి 3

ఈసారి కథలు, నవలలు. పోయినసారి నా మాటలకు భూపాల్ ఆ రోజంతా అన్నం ముట్టలేదని వనజ నా చెవిన వేసింది. బండి గేటు దగ్గర ఉంది. నడవబోయేవాళ్లు పుస్తకం మోసుకుంటూ ఎలా నడుస్తారు? అడగలేదు. బాగుందన్నాను.

మార్చి 16, సాయంత్రం

ఒక్క పుస్తకమూ కదలడం లేదట. కస్టమర్ బాగుందన్నారని పిల్లలు చేతులు కట్టుకు కూర్చున్నారట. ఎవాంజెలిన్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, జాలిపడేవాళ్లు నాకు బోలెడుమంది ఉన్నారు. నిన్ను పెట్టింది నీ నోటి కోసం."

నా పెంపకమే. రేపు పొద్దున్నే వెళ్లి పిల్లలకు చెప్పేస్తానన్నాను.

మార్చి 17

వెళ్లేసరికి బండి దగ్గర దయాకర్ గారు నిలబడి ఉన్నారు. ఆయన ముందు నోరు విప్పితే పిల్ల కోర్సు పోతుందేమో.

విప్పాను. నడక అయ్యాక అందరూ చేరేది టీ కొట్టు దగ్గర, బండి అక్కడుండాలి, పోయినసారే తోచినా చెప్పలేదన్నాను. భూపాల్ నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ ముక్క చెప్పనీకి ఇన్ని దినాలు ఆగితివా అమ్మమ్మా?"

నలుగురూ అప్పటికప్పుడే బండి తోసుకుపోయారు. టీ తాగినవాళ్లు చంకలో పుస్తకంతో ఇళ్లకు బయల్దేరారు. దయాకర్ గారూ ఒకటి తీసుకున్నారు. రాత పరీక్ష మాట ఎత్తలేదు.

మార్చి 24

కోర్సు ఉంటుందట. వచ్చే ఏడు అన్ని టీములకూ నాలాంటివాళ్లు కావాలట. అలాంటి నోరు ఇంకెవరికుందని ఎవాంజెలిన్ అడిగింది.

మా ఆడపడుచు సువార్తమ్మకు. మాకు మాటల్లేక ఏళ్లయింది. ఫోన్ చేశాను. ఎత్తీ ఎత్తగానే తిట్టడం మొదలుపెట్టింది.

పనికొస్తుంది.