పేరు లేని ప్రశ్నలు

మే 4, ఆదివారం

ఏఐని అడగాల్సిన ప్రశ్నల లిస్టు మూడోసారి వెనక్కి వచ్చింది. అరవై ప్రశ్నలకీ పక్కన ఎర్ర గీత. మా మేనేజరు ఫైరోజ్ సార్ రాసిందల్లా ఒక్క ముక్క — "క్లయింటు కంపెనీ పేరు ఎక్కడ?"

ప్రశ్నలోనే పేరు పెట్టి అడిగితే జవాబులో పేరు రాక ఏమవుతుంది? అదే అన్నాను. "క్లయింటుకి కావాల్సింది అదేగా" అన్నాడు.

మే 5, సోమవారం

పాప స్కూలు బస్సు దిగుతూనే — "అమ్మా, నువ్వు ఆఫీసులో ఏం చేస్తావని రాసుకురమ్మన్నారు."

రాయించాను: జనం ఇప్పుడు గూగుల్‌లో వెతకడం తగ్గించి ఏఐని అడుగుతున్నారు. వాళ్లు ఏమేం అడుగుతారో ముందే ఊహించి, అవే ప్రశ్నలు రోజూ మేమే అడిగి, జవాబుల్లో మా క్లయింటు పేరు వస్తోందో లేదో రాసుకుంటాం.

"ఊహించడమేంటి, వాళ్లనే అడగొచ్చుగా" అంది. పదేళ్ల పిల్లకి తోచింది నాకు తోచలేదు.

మే 6, మంగళవారం

మస్కట్ శివారు సీబ్ వెళ్లాను, క్లయింటు ఆఫీసుకి. ఏసీలు బాగుచేసే కంపెనీ. ఓనరు లేడు. ఫోన్ దగ్గర ఒకాయన — రాజన్న. జగిత్యాల వైపు. ఆరేళ్లు ఏసీ మెకానిక్. నిచ్చెన మీంచి పడి నడుము పోయాక ఫోన్ డ్యూటీలో కూర్చోబెట్టారు.

నా లిస్టు చదివి వినిపించాను. 'మస్కట్‌లో అత్యుత్తమ ఏసీ నిర్వహణ సేవలు ఏవి?' ఆయన ఓపిగ్గా విన్నాడు.

"గిట్ల ఎవ్వలడుగుతరు మేడం?"

మరెలా అడుగుతారు? కంపెనీ పేరు చెప్పి అడగరా?

"ఏసీ తిరుగుతుంది గనీ సల్లగైతలేదంటరు. గోడ పొంటి నీళ్లు కారుతున్నయంటరు. పిల్ల పండుకుంటలేదు, ఎంతసేపట్ల వస్తరంటరు. కంపెనీ పేరా... అది ఎవ్వలికి యాదికుంటది?"

పొడుగాటి రిజిస్టరు తీశాడు. వచ్చిన ప్రతి ఫోనూ రాసి ఉంది — ఏ ఏరియా, ఏం కష్టం, ఏమని అడిగారు. ఫోటోలు తీసుకోనా అంటే పేజీలు తానే తిప్పి పట్టుకున్నాడు.

మే 7, బుధవారం

పాత లిస్టు తీసి పారేశాను.

'సీబ్ ఏసీ రిపేర్', 'ఏసీ రిపేర్ సీబ్' — రెండూ ఒకటే, రెండుసార్లు రాసి లెక్క పెంచాను ఇన్నాళ్లూ. ఊళ్లవారీ గుంపులు కూడా తీసేశాను. ఇప్పుడు రాజన్న రిజిస్టరులోంచి, కష్టం వారీగా — చల్లబడట్లేదు, నీళ్లు కారుతున్నాయి, చప్పుడు, వాసన. తర్వాత అడిగేదెవరు — అద్దెకుండేవాళ్లా, విల్లా వాళ్లా, షాపు వాళ్లా. తర్వాత ఎప్పుడు — ఇప్పుడే, రేపు, వారాంతపు సెలవైన శుక్రవారం. ఇంగ్లీషులో, అరబ్బీలో, ఇంగ్లీషు అక్షరాల హిందీలో.

మొత్తం నలభై అయ్యాయి. పేరు పెట్టి అడిగేవి వేరే షీటులో. రెండూ కలపను.

మే 8, గురువారం

నలభైలో మూడింటికి వచ్చింది పేరు. మూడు. పొద్దున ఒక జవాబు, అదే ప్రశ్నకి మధ్యాహ్నం ఇంకొకటి. ఒక్కసారి అడిగి రాసుకుంటే లాభం లేదు.

ఫైరోజ్ సార్ చూసి — "ఇది పంపిస్తే కాంట్రాక్టు ఉండదు."

అబద్ధం పంపిస్తే ఉంటుందన్నమాట.

మే 11, ఆదివారం

'శుక్రవారం సీబ్‌లో ఏసీ బాగుచేసేదెవరు' — ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి, అడుగున మా క్లయింటు గురించి: శుక్రవారం సెలవు.

సెలవేమీ లేదు. రాజన్న ప్రతి శుక్రవారం ఆ కుర్చీలోనే ఉంటాడు. ఎక్కడి నుంచి వచ్చిందా అని తవ్వితే ఏదో పాత డైరెక్టరీ పేజీ. ఎప్పుడో ఎవరో పెట్టి వదిలేసింది.

రాజన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"అందుకేనా... శుక్రారం ఫోన్ మోగుతలేదు. మా ఓనరు అర్బాబ్ అంటుండు, ఫోన్లు లేనప్పుడు నువ్వెందుకు అని. వీసా రెన్యూవల్ కాయితం టేబుల్ మీదనే ఉంది. సంతకం పెడతలేడు."

ఇదొక్కటే కారణమని చెప్పలేనని అన్నాను. విన్నట్టు లేదు.

మే 12, సోమవారం

ఫైరోజ్ సార్‌కి అంతా చెప్పాను. "శుక్రవారం ప్రశ్నలు తీసెయ్. స్కోరు పడిపోతోంది." తప్పు కనిపించేది ఆ ప్రశ్నల్లోనే కదా సార్ అంటే — "మనల్ని పెట్టుకుంది పేరు కనిపిస్తోందో లేదో చెప్పమని. వాళ్ల స్టాఫు సంగతి మనకెందుకు."

డైరెక్టరీ వాళ్లకి రాశాను. ఓనరు మెయిల్ నుంచి వస్తేనే మారుస్తారట. ఓనరుతో మాట్లాడేది ఫైరోజ్ సారే. సార్ అంటాడు — "రిపోర్టు అయ్యాక చూద్దాం."

మే 13, మంగళవారం

పప్పు మాడింది. పాప పళ్లెం ఖాళీ చేసింది. అదింకా బాధగా ఉంది.

మే 14, బుధవారం

రాజన్న ఆగలేదు. ఓనరు ముందు నిలబడి తన ఫోన్‌లో ఏఐని ఆ శుక్రవారం ప్రశ్న తానే అడిగి చూపించాడట.

జవాబు సరిగ్గా వచ్చింది. శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది అని.

ఓనరు నవ్వి, ఫోన్ తిరిగిచ్చి, టీ తాగాడట.

"నన్ను అబద్ధాలోన్ని చేసింది మేడం."

జవాబులు మారుతుంటాయని నాకు తెలుసు. షీటులో రాశాను, సార్‌తో వాదించాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

మే 15, గురువారం

పొద్దుట నుంచి ఆ ఒక్క ప్రశ్నే. ఇరవైసార్లు. ప్రతిసారీ కొత్త చాట్ తెరిచి, ప్రతి జవాబూ ఫోటో తీసి. పద్నాలుగుసార్లు సెలవనే చెప్పింది. అన్నీ ఒక పేజీలో పెట్టాను, కింద డైరెక్టరీ పేజీ. దాన్నే రిపోర్టుకి మొదటి పేజీ చేశాను. తర్వాత నలభై ప్రశ్నలు, పేరొచ్చిన మూడు జవాబులు, ఉన్నదున్నట్టు.

ఓనరుకే పంపాను. ఫైరోజ్ సార్‌కి కాపీ.

సార్ ఫోన్ రెండుసార్లు మోగింది. తీయలేదు.

మే 16, శుక్రవారం

రైసూత్ నుంచి మా ఆయన ఫోన్. అక్కడే పోర్టు డ్యూటీ, ఈ నెల రావడం కుదరదట. సంగతి చెప్పాను.

"పంపేముందు నాతో ఒక మాట అనాల్సింది."

అంటే వద్దనేవారు.

"అవును, వద్దనేవాణ్నే. సరే, తిన్నావా?"

మే 18, ఆదివారం

పొద్దున్నే ఓనరు మెయిల్. పదకొండుకి సీబ్ రమ్మని. ఫైరోజ్ సార్ తన గది తలుపు వేసుకుని ఉన్నాడు. చెప్పకుండానే బయల్దేరాను.

ఓనరు ఒమానీ పెద్దాయన, హిందీ బాగా మాట్లాడతాడు. మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. రాజన్నని పిలిచాడు. ఫోన్లు చేసేవాళ్లు ఏమడుగుతారో చెప్పమన్నాడు. రాజన్న రిజిస్టరు తెచ్చి, నిలబడే, చాలాసేపు చెప్పాడు. మధ్యలో నడుము పట్టుకున్నాడు. ఓనరు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

అప్పుడు నా వైపు తిరిగి — "ఈ సెలవు మాట తీయిస్తే శుక్రవారం ఫోన్లు వస్తాయా?"

రాజన్న నన్నే చూస్తున్నాడు.

తెలియదన్నాను. రావచ్చు, రాకపోవచ్చు. అది మారినా జవాబుల్లోకి ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేను.

ఓనరు తల ఊపాడు. డైరెక్టరీ వాళ్లకి అప్పుడే, నా ముందే మెయిల్ పెట్టాడు. వీసా కాయితం చేతిలోకి తీసుకుని, చదివి, మళ్లీ టేబుల్ మీదే పెట్టాడు. "ఒక నెల చూద్దాం."

రాజన్న వీసాకి నెల లేదు. పన్నెండు రోజులు.

టాక్సీ దాకా వచ్చాడు. కోపం లేదు గొంతులో.

"ఫోన్లు అస్తయి అని ఒక్క మాటంటే ఏం పోతుండె మేడం?"

ఏం పోయేదో చెప్పబోయాను. లోపల ఫోన్ మోగింది. గబగబా వెళ్లిపోయాడు, ఒక చేత్తో నడుము పట్టుకుని.